శిక్ష రద్దయింది.. మరి గన్ లైసెన్స్ తిరిగొస్తుందా?

కింది కోర్టు జైలు శిక్ష వేసింది. ఏళ్ల తర్వాత పైకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. బంధువులు ఫోన్లు చేసి సంతోషం చెప్పారు. కానీ మీ లైసెన్స్ తుపాకీ మాత్రం ఇంకా పోలీస్ స్టేషన్ బీరువాలోనే ఉంది. ‘నిర్దోషి అని కోర్టే చెప్పింది కదా, వెళ్లి తెచ్చేసుకోవచ్చా?’ అన్నది చాలామందికి వచ్చే మొదటి ప్రశ్న.

ఇది హోదా కోసం తుపాకీ పెట్టుకునేవారి సమస్య మాత్రమే కాదు. బ్యాంకులు, నగల దుకాణాలు, ఏటీఎంలకు డబ్బు చేర్చే వాహనాల దగ్గర గార్డులుగా పనిచేసే మాజీ సైనికులను చూడండి. సొంత లైసెన్స్, సొంత తుపాకీ ఉంటేనే వారిలో చాలామందికి ఆ ఉద్యోగం. ఊళ్లో భూ తగాదాలో కేసు పడి లైసెన్స్ పోయిందంటే జీతం కూడా పోయినట్టే. అడవి జంతువుల నుంచి పంటను కాపాడుకోవడానికి లైసెన్స్ తీసుకున్న రైతులదీ ఇదే బాధ.

దీని గురించి ఇంటర్నెట్‌లో వెతికితే ఎక్కువగా కనిపించేది ‘ఎక్స్‌పంజ్‌మెంట్’ అనే మాట. శిక్ష రికార్డును చెరిపేయిస్తే తుపాకీ హక్కు తిరిగి వస్తుందని అక్కడ చెబుతారు. అది అమెరికా చట్టం. మన దగ్గర లెక్క వేరు. ఆ తేడా తెలియక స్టేషన్‌కు వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చేవారు కొందరైతే, లైసెన్స్ లేకుండానే తుపాకీ చేతపట్టి కొత్త కేసులో ఇరుక్కునేవారు మరికొందరు. అసలు మన చట్టం ఏం చెబుతోంది? ఏ దారిలో వెళ్లాలి? వివరంగా చూద్దాం.

ముందు ఒక విషయం: ఇక్కడ తుపాకీ హక్కు కాదు

అమెరికాలో ఆయుధం కలిగి ఉండటం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. మన దేశంలో అలాంటి హక్కు లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం అధికారి ఇచ్చే అనుమతి మాత్రమే ఉంది. లైసెన్స్ లేని తుపాకుల బెడదపై 2023 ఫిబ్రవరిలో విచారణ సందర్భంగా సుప్రీంకోర్టు కూడా ఈ తేడాను గుర్తుచేసింది.

అందుకే మీ క్రిమినల్ కేసు ఒక ఫైలు, లైసెన్స్ మరో ఫైలు. మొదటిది కోర్టులో నడుస్తుంది. రెండోది జిల్లాల్లో కలెక్టర్ దగ్గర, పోలీస్ కమిషనరేట్ ఉన్న నగరాల్లో కమిషనర్ దగ్గర ఉంటుంది. మొదటి ఫైలులో గెలిస్తే రెండోది బలపడుతుంది. కానీ ఒక్క సందర్భంలో తప్ప అది దానంతట అదే మారదు. ఆ ఒక్క సందర్భం ఏమిటో కాసేపట్లో చూద్దాం.

శిక్షను ‘చెరిపేసే’ పద్ధతి మన దగ్గర ఉందా?

పెద్దలకు పడిన శిక్షను కొన్నేళ్ల తర్వాత దరఖాస్తు పెట్టి రికార్డుల నుంచి తీయించుకునే సాధారణ పద్ధతి మన చట్టంలో లేదు. దాదాపు అదే ఫలితం ఇచ్చే దారులు మాత్రం కొన్ని ఉన్నాయి.

* అప్పీల్‌లో శిక్ష రద్దు: పైకోర్టు దోషి నిర్ధారణను కొట్టేస్తే చట్టం దృష్టిలో ఆ శిక్ష ఇక లేనట్టే. అన్నింటికన్నా గట్టి దారి ఇదే.
* ప్రొబేషన్: 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద కోర్టు మందలించి గానీ, సత్ప్రవర్తన బాండుపై గానీ వదిలిపెడితే ఆ నేరం వల్ల వచ్చే అనర్హత వర్తించదని ఆ చట్టం సెక్షన్ 12 చెబుతోంది. బాండు షరతులు తప్పి తర్వాత శిక్ష పడితే ఈ రక్షణ పోతుంది.
* బాల్యంలో కేసు: 18 ఏళ్లలోపు జరిగిన నేరానికి జువెనైల్ జస్టిస్ చట్టం కింద విచారణ జరిగితే, 2015 చట్టం సెక్షన్ 24 ప్రకారం అనర్హత ఉండదు. 16 ఏళ్లు దాటి, ఘోర నేరంలో పెద్దవారిలా విచారణ ఎదుర్కొన్నవారికి ఈ మినహాయింపు లేదు.
* క్షమాభిక్ష: రాష్ట్రపతికి, గవర్నర్‌కు రాజ్యాంగం ఇచ్చిన అధికారం. చాలా అరుదు.

ఎలాంటి శిక్షకు తుపాకీ దూరమవుతుంది?

ఆయుధాల చట్టం సెక్షన్ 9 దీనికి సమాధానం. హింసతో గానీ, నైతిక పతనంతో గానీ ముడిపడిన నేరంలో జైలు శిక్ష పడితే, అది ఎన్ని రోజులైనా సరే, శిక్షాకాలం ముగిశాక మరో ఐదేళ్లపాటు తుపాకీ సంపాదించకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, వెంట తిరగకూడదు. మోసం, ఫోర్జరీ లాంటి నేరాలు నైతిక పతనం కిందికి వస్తాయి. ‘నా కేసులో కొట్లాటే లేదు’ అనుకుని ధీమాగా ఉండకూడదు.

బైండోవర్ మాట మీరు వినే ఉంటారు. శాంతిభద్రతల కోసం, సత్ప్రవర్తన కోసం బాండు రాయించుకున్నవారికి ఆ బాండు గడువు ఉన్నంతకాలం ఇదే నిషేధం ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఐదేళ్లు గడవగానే పాత లైసెన్స్ బతికి రాదు. నిషేధం తొలగుతుంది, అంతే. అంటే దరఖాస్తు పెట్టుకునే అర్హత వస్తుంది. లైసెన్స్ ఇవ్వాలా వద్దా అన్నది మళ్లీ అధికారి చేతిలోనే ఉంటుంది.

మీ లైసెన్స్ ఏ దారిలో పోయింది?

అసలు కీలకం ఇక్కడే ఉంది. ఇంట్లో ఉన్న పాత కాగితాలు తీసి, లైసెన్స్ రద్దు ఉత్తర్వు ఎవరిచ్చారో చూడండి. దాన్నిబట్టే మీ తర్వాతి అడుగు.

1. కోర్టే రద్దు చేస్తే: ఆయుధాల చట్టం కింద దోషిగా తేల్చినప్పుడు అదే కోర్టు లైసెన్స్‌ను కూడా సస్పెండ్ గానీ, రద్దు గానీ చేయవచ్చు. సెక్షన్ 17(7) ఆ అధికారం ఇస్తూనే ఒక షరతు పెట్టింది. అప్పీల్‌లో గానీ, మరోలా గానీ శిక్ష కొట్టేస్తే లైసెన్స్ రద్దు కూడా చెల్లకుండా పోతుంది. పైన చెప్పిన ‘ఒక్క సందర్భం’ ఇదే. తుపాకీని జప్తు చేయాలని కోర్టు ఆదేశించి ఉంటే, సెక్షన్ 32 ప్రకారం ఆ జప్తు కూడా చెల్లదు. అయితే లైసెన్స్ గడువు ఈలోగా ముగిసిపోయిందేమో చూసుకోవాలి. ముగిసి ఉంటే చేతిలో ఉన్నది పాత కాగితమే.

2. కలెక్టర్ లేదా కమిషనర్ రద్దు చేస్తే: ఎక్కువ కేసుల్లో జరిగేది ఇది. సెక్షన్ 17(3) కింద ప్రజా శాంతికి, భద్రతకు అవసరమని గానీ, లైసెన్స్‌దారు అర్హుడు కాదని గానీ భావిస్తే అధికారి సస్పెండ్ లేదా రద్దు చేయవచ్చు. ఈ ఉత్తర్వు మీద 17(7) షరతు పనిచేయదు. శిక్ష కొట్టేసినా అధికారి ఉత్తర్వు అలాగే ఉంటుంది. దాన్ని మార్చేలా ఆయనే మరో ఉత్తర్వు ఇవ్వాలి, లేదా అప్పీల్‌లో అది పోవాలి, లేదా మీరు కొత్త లైసెన్స్ తీసుకోవాలి.

3. ఎవరూ రద్దు చేయకపోయినా గడువు తీరిపోతే: కేసు పనుల్లో పడి రెన్యువల్ మరిచిపోయినవారు ఉంటారు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ కాలపరిమితి ఐదేళ్లు. కేసు అంతకన్నా ఎక్కువ కాలం సాగిందంటే మధ్యలో గడువు తీరే అవకాశమే ఎక్కువ. అప్పుడు మీ పోరాటం రద్దు మీద కాదు, రెన్యువల్ మీద.

శిక్షపై స్టే వస్తే సరిపోతుందా?

అప్పీల్ వేయగానే ‘శిక్ష ఆగిపోయింది’ అని లాయర్ చెబుతారు. అందులో రెండు రకాలున్నాయి. జైలు శిక్ష అమలును మాత్రమే నిలిపివేయడం ఒకటి. అప్పుడు మీరు బయట ఉంటారు గానీ, దోషి అన్న ముద్ర పోదు. దోషి నిర్ధారణ మీదే స్టే ఇవ్వడం రెండోది. కోర్టులు దీన్ని అరుదుగానే ఇస్తాయి. 2023 ఆగస్టు 4న రాహుల్ గాంధీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చింది ఈ రెండో రకం స్టే. అందుకే ఆయన లోక్‌సభ సభ్యత్వం తిరిగి వచ్చింది.

లైసెన్స్ విషయంలోనూ ఈ తేడా ముఖ్యం. మీ ఉత్తర్వులో ఏ మాట ఉందో లాయర్‌తో చదివించుకోండి. మొదటి రకం స్టే పట్టుకుని లైసెన్స్ కార్యాలయానికి వెళ్లినా పెద్దగా ఉపయోగం ఉండదు.

తీర్పు వచ్చాక ఏం చేయాలి?

మొదటి అడుగు: సర్టిఫైడ్ కాపీలు. కింది కోర్టు తీర్పు, పైకోర్టు తీర్పు రెండింటి సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. ఫోన్‌లో దించుకున్న కాపీ చూపిస్తే చాలదు. తీర్పుపై ప్రభుత్వం గానీ, ఫిర్యాదుదారు గానీ పైకి వెళ్లారా లేదా అన్నది కూడా తెలుసుకోండి. అధికారి ఆ ప్రశ్న అడగడం ఖాయం.

రెండో అడుగు: పోలీస్ రికార్డు. లైసెన్స్ ఫైలు మళ్లీ మీ స్టేషన్‌కే రిపోర్టు కోసం వస్తుంది. అక్కడ రికార్డులో ఇంకా ‘శిక్ష పడింది’ అనే ఉంటే రిపోర్టు కూడా అలాగే వెళ్తుంది. అందుకే తీర్పు కాపీ జతచేసి, రికార్డు సరిచేయాలని స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. రశీదు తీసుకోండి. ఆ కేసు ఆధారంగా రౌడీషీట్ తెరిచి ఉంటే, దాన్ని మూసేయాలని విడిగా అర్జీ పెట్టాలి. కేసు కొట్టేసినంత మాత్రాన షీట్ దానంతట అది మూతపడుతుందని అనుకోవద్దు.

మూడో అడుగు: లైసెన్స్ అధికారికి దరఖాస్తు. సస్పెన్షన్ అయితే దాన్ని ఎత్తేయాలని కోరండి. రద్దు ఉత్తర్వు ఉండి, దానికి ఆ శిక్ష ఒక్కటే కారణమైతే, ఆ కారణం ఇప్పుడు లేదని చూపిస్తూ వినతిపత్రం ఇవ్వండి. గడువు తీరిపోయినా, పాత ఉత్తర్వు మార్చడానికి అధికారి ఒప్పుకోకపోయినా సెక్షన్ 13 కింద కొత్తగా దరఖాస్తు చేసుకోవచ్చు. లైసెన్సుల జాతీయ డేటాబేస్‌లో మీ యునిక్ ఐడెంటిఫికేషన్ నంబర్ ఉందో లేదో ఈ సమయంలోనే సరిచూసుకోండి.

నాలుగో అడుగు: పోలీస్ రిపోర్టు. స్టేషన్ నుంచి రిపోర్టు రాలేదన్న కారణంతో ఫైలు ఆగిపోవడం మామూలే. నిర్ణీత గడువులో రిపోర్టు రాకపోతే దానికోసం ఆగకుండానే అధికారి నిర్ణయం తీసుకోవచ్చని సెక్షన్ 13 చెబుతోంది. ఈ మాటను మీ అర్జీలో మర్యాదగా ప్రస్తావించవచ్చు. ఫైలు ఎక్కడుందో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.

అధికారి తీర్పులో ఏం చూస్తారు?

‘కేసు కొట్టేశారు’ అన్న ఒక్క మాటతో పని జరగదు. ఎలా కొట్టేశారన్నది కూడా చూస్తారు. సాక్ష్యాలన్నీ పరిశీలించి నేరమే జరగలేదని కోర్టు తేలిస్తే మీ వాదన బలంగా ఉంటుంది. సాక్షులు ఎదురుతిరగడం వల్లో, సంశయలాభం కిందో, ఇరుపక్షాలు రాజీ పడటం వల్లో కేసు పోయి ఉంటే పోలీసులు ఆ విషయాన్ని రిపోర్టులో రాసే అవకాశం ఉంది. కేసులో వాడారని చెప్పిన ఆయుధం మీ లైసెన్స్ తుపాకీయే అయితే పరిశీలన ఇంకా కఠినంగా ఉంటుంది.

అయితే అధికారి ఇష్టం వచ్చినట్టు కాదనడానికి వీల్లేదు. కేవలం కేసు పెండింగ్‌లో ఉందన్న కారణంతో లైసెన్స్ రద్దు చేయడం సరికాదని, ప్రజా భద్రతకు ముప్పు ఏమిటో ఉత్తర్వులో చూపాలని హైకోర్టులు పలు కేసుల్లో చెప్పాయి. మరి కోర్టు నిర్దోషిగా తేల్చాక కూడా అదే పాత కేసును సాకుగా చూపితే ప్రశ్నించే అవకాశం మీకు ఉంది. కాబట్టి తీర్పులో మీకు అనుకూలంగా ఉన్న పేరాల నంబర్లు దరఖాస్తులోనే రాయండి. తీర్పు మొత్తం చదివే తీరిక కార్యాలయంలో ఎవరికీ ఉండకపోవచ్చు.

కాదంటే ఏం చేయాలి?

లైసెన్స్ నిరాకరించినా, రద్దు చేసినా కారణాలు రాతలో నమోదు చేయాలి. మీరు అడిగితే వాటిని క్లుప్తంగా ఇవ్వాలి. ప్రజా ప్రయోజనం దృష్ట్యా ఇవ్వకూడదని భావిస్తే మాత్రమే ఆపవచ్చు. ముందుగా ఆ కారణాల ప్రతి అడగండి.

తర్వాత సెక్షన్ 18 కింద అప్పీల్. దీనికి గడువు 30 రోజులు. ఆలస్యానికి తగిన కారణం చూపితే గడువు దాటాక కూడా స్వీకరించవచ్చు. శిక్ష పడిన రోజుల్లోనే రద్దు ఉత్తర్వు వచ్చి, నిర్దోషిగా ఇప్పుడు బయటపడినవారికి ఈ వెసులుబాటు పనికొస్తుంది. ఉత్తర్వు నేరుగా ప్రభుత్వానిదైతే అప్పీల్ ఉండదు. అప్పీల్‌లోనూ న్యాయం జరగలేదనుకుంటే హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. సాధారణంగా హైకోర్టు తానే లైసెన్స్ ఇవ్వదు. కారణాలు సరిగా లేకుంటే ఉత్తర్వును పక్కనపెట్టి, మళ్లీ పరిశీలించాలని అధికారిని ఆదేశిస్తుంది. అంటే ఇంకొంత సమయం పడుతుంది, అందుకు సిద్ధపడాలి.

ఒక జాగ్రత్త. అప్పీల్ వేసినంత మాత్రాన రద్దు ఉత్తర్వు ఆగదు. అప్పీల్ అధికారి ప్రత్యేకంగా చెబితే తప్ప అది అమల్లోనే ఉంటుంది.

తుపాకీ ఎక్కడుంది?

లైసెన్స్ దక్కినా తుపాకీ దక్కడానికి మరో పని ఉంటుంది.

* స్టేషన్‌లో లేదా డీలర్ దగ్గర డిపాజిట్ చేసి ఉంటే: లైసెన్స్ పోయినప్పుడు ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా డిపాజిట్ చేయాలని సెక్షన్ 21 చెబుతోంది. దగ్గర ఉంచుకోవడం మళ్లీ చట్టబద్ధమైనప్పుడు దాన్ని తిరిగి పొందే హక్కు మీదే. ఎన్నికల కోడ్ సమయంలో ఇచ్చినట్టే రశీదు తీసుకుని ఉంటే పని తేలిక. నిర్ణీత కాలంలో తీసుకోకపోయినా, అమ్ముకోకపోయినా ప్రభుత్వపరం చేయవచ్చు. సస్పెన్షన్ కాలానికి మాత్రం ఇలా జప్తు చేయకూడదు. లైసెన్స్ త్వరగా రాదనిపిస్తే, చట్టబద్ధంగా అమ్ముకునే దారి గురించి గడువులోగానే ఆలోచించండి.
* కేసులో సాక్ష్యంగా కోర్టుకు చేరి ఉంటే: పోలీసులు ఇవ్వలేరు. విచారణ ముగిశాక ఆస్తుల అప్పగింతపై భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 498 కింద కోర్టు ఆదేశం కావాలి. తీర్పు చివర్లో ఆ తుపాకీ గురించి ఏం రాశారో ముందు చూడండి. ఏమీ రాయకపోతే లాయర్ ద్వారా పిటిషన్ వేయాలి.

ఈ తప్పులు చేయొద్దు

* లైసెన్స్ చేతికి రాకముందే తుపాకీ తీసుకోవద్దు. లైసెన్స్ లేకుండా ఆయుధం ఉంచుకోవడం జైలు శిక్ష పడే నేరం. 2019 సవరణతో ఈ చట్టంలో శిక్షలు ఇంకా పెరిగాయి. పాత కేసు నుంచి బయటపడ్డ ఆనందంలో కొత్త కేసు తెచ్చుకోవద్దు.
* దరఖాస్తులో పాత కేసును దాచొద్దు. ‘రద్దయింది కదా, ఎందుకు రాయాలి’ అనిపిస్తుంది. సమాచారం దాచి తీసుకున్న లైసెన్స్‌ను ఆ ఒక్క కారణంతోనే రద్దు చేయవచ్చు. కేసు నంబరు, శిక్ష, అది రద్దయిన తేదీ రాసి తీర్పు కాపీ జతచేయండి.
* కొడుకు లేదా తమ్ముడి పేరున లైసెన్స్ తీసుకుని మీరు వాడొద్దు. లైసెన్స్ ఒకరిది, తుపాకీ మోసేది మరొకరు అయితే ఇద్దరికీ ఇబ్బందే.
* డబ్బిస్తే లైసెన్స్ తెప్పిస్తామనే దళారులను నమ్మొద్దు. వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన నకిలీ లైసెన్స్ పట్టుబడితే గార్డు ఉద్యోగంతోపాటు స్వేచ్ఛ కూడా పోతుంది.

అమెరికాలో ఉన్న మనవారి సంగతి

మొదట్లో చెప్పిన ‘ఎక్స్‌పంజ్‌మెంట్’ అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సంబంధించిన విషయం. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం, ఏడాదికి మించి జైలు శిక్షకు అవకాశమున్న నేరంలో దోషిగా తేలితే తుపాకీ నిషేధం. గృహహింస అయితే చిన్న నేరంగా నమోదైనా నిషేధమే. ఆ శిక్షను ఎక్స్‌పంజ్ చేసినా, రద్దు చేసినా, క్షమాభిక్ష వచ్చినా ఫెడరల్ చట్టం దాన్ని సాధారణంగా లెక్కలోకి తీసుకోదు. కానీ ఆ ఉత్తర్వులో తుపాకీ ఉంచుకోకూడదని రాసి ఉంటే నిషేధం కొనసాగుతుంది. ఉదాహరణకు కాలిఫోర్నియాలో పీనల్ కోడ్ 1203.4 కింద కేసు కొట్టేయించుకున్నా తుపాకీ హక్కు తిరిగి రాదు.

మరో రెండు విషయాలు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాలపై ఉన్నవారికి శిక్ష లేకపోయినా తుపాకీ నిషేధం ఉంది. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. రాష్ట్ర కోర్టు రికార్డు చెరిపేసినా ఇమిగ్రేషన్ అధికారులు సాధారణంగా ఆ శిక్షను లెక్కలోకి తీసుకుంటారు. అందువల్ల గ్రీన్‌కార్డు, పౌరసత్వ దరఖాస్తుల్లో పాత కేసును దాస్తే ప్రమాదం. తుపాకీ దుకాణానికి వెళ్లే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవడం మంచిది.

ఒక్క చూపులో

మీ చేతిలో తీర్పు ఉంటే ముందు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకోండి: శిక్ష రద్దు చేసిన తీర్పు, లైసెన్స్ రద్దు ఉత్తర్వు, పాత లైసెన్స్ పుస్తకం. ఉత్తర్వు కోర్టుదా, అధికారిదా చూడండి. లైసెన్స్ గడువు తేదీ చూడండి. తుపాకీ డిపాజిట్ రశీదు వెతకండి. ఈ నాలుగూ తేలితే ఏ కార్యాలయానికి వెళ్లాలో, ఏ దరఖాస్తు పెట్టాలో లాయర్ ఒక్క సిట్టింగ్‌లోనే చెప్పగలరు. గార్డు ఉద్యోగం మీద ఆధారపడినవారు అయితే, లైసెన్స్ వచ్చేదాకా ఆయుధం అవసరం లేని డ్యూటీ ఇవ్వాలని యజమానిని రాతపూర్వకంగా కోరండి. ఫైలు కదలడానికి నెలలు పట్టవచ్చు, ఈలోగా ఇల్లు గడవాలి కదా.